పని ఫుల్.. గల్లా పెట్టె ఖాళీ! ఇంటిల్లిపాదీ కష్టపడే లేత్ షాప్ ఎక్కడ దెబ్బతింటోంది? నిలబడాలంటే ఏం చేయాలి?

మండల కేంద్రంలో మెయిన్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు. బయట విరిగిన రోటావేటర్, లోపల గిర్రున తిరిగే లేత్ మిషన్. బోర్డు మీద దేవుడి పేరు, దాని కింద 'ఇంజనీరింగ్ వర్క్స్'. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి వర్క్‌షాప్‌లు చాలా ఊళ్లలో కనిపిస్తాయి. నాన్న లేత్ మీద, కొడుకు వెల్డింగ్ దగ్గర, అమ్మ లెక్కల పుస్తకం దగ్గర. పనికి కొదవ లేదు. అయినా ఏడాది తిరిగేసరికి చేతిలో డబ్బు ఉండదు, ఇంట్లో బంగారం బ్యాంకులో ఉంటుంది.

లోపం పనితనంలో ఉందా అంటే కాదు. చాలా షాపుల్లో అసలు సమస్య లెక్కలో ఉంటుంది. ఇంట్లో వాళ్లు జీతం లేకుండా పని చేస్తారు కాబట్టి నష్టం కూడా లాభంలాగే కనిపిస్తుంది. ఆ నష్టం బయటపడేసరికి ఆలస్యమైపోతుంది. మరి ఈ షాప్ ఎలా మొదలుపెట్టాలి? ఎలా నిలబెట్టుకోవాలి? వివరంగా చూద్దాం.

ఈ షాపులు ఎందుకు కావాలి?

ట్రాక్టర్ యాక్సిల్ అరిగింది. రైస్ మిల్లులో షాఫ్ట్ విరిగింది. చేపల చెరువులో ఏరియేటర్ ఆగిపోయింది. కొత్త పార్ట్ కావాలంటే సిటీ నుంచి రావాలి. అప్పటిదాకా కోత ఆగదు, చెరువులో చేప ఆగదు. అందుకే రైతు ఆ ముక్క పట్టుకుని నేరుగా లేత్ షాప్‌కే వస్తాడు. "అన్నా, సాయంత్రానికి కావాలి" అంటాడు. మేస్త్రి పాత ముక్కను కొలిచి, వెల్డింగ్‌తో మెటల్ నింపి, మళ్లీ సైజుకు తిప్పి ఇస్తాడు. లేదంటే రాడ్ ముక్క తీసుకుని కొత్త బుష్ చేసిస్తాడు.

విజయవాడ జవహర్ ఆటోనగర్, హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల లాంటి చోట్ల ఇదే పని పెద్ద ఎత్తున జరుగుతుంది. అక్కడ ఒకరు గేర్ కోస్తారు, ఇంకొకరు హీట్ ట్రీట్‌మెంట్ చేస్తారు, మరొకరు గ్రైండింగ్ చేస్తారు. ఊళ్లో షాప్‌కు ఆ సౌకర్యం లేదు. కానీ ఒక బలం ఉంది. కస్టమర్ పక్కనే ఉంటాడు, పని అర్జెంటుగా ఉంటుంది. ఆ అర్జెన్సీకి సరైన ధర కట్టడం తెలిస్తేనే షాప్ నిలబడుతుంది.

మొదటి మిషన్.. సెకండ్ హ్యాండ్ అయితే ఏం చూడాలి?

చాలామంది సెకండ్ హ్యాండ్ లేత్‌తోనే మొదలుపెడతారు. గుజరాత్‌లోని రాజ్‌కోట్, పంజాబ్‌లోని బటాలా వైపు తయారైన మిషన్లు మార్కెట్లో ఎక్కువగా కనిపిస్తాయి. కొత్త పెయింట్ చూసి మోసపోకూడదు. చూడాల్సింది బెడ్. చక్‌కు దగ్గరగా ఉండే భాగంలోనే క్యారేజ్ ఎక్కువగా తిరుగుతుంది కాబట్టి అక్కడే ముందు అరుగుతుంది.

చిన్న పరీక్ష ఒకటి ఉంది. లావుపాటి రాడ్ ముక్కను చక్‌లో గట్టిగా బిగించాలి. టెయిల్ స్టాక్ ఆనించకుండా నాలుగైదు అంగుళాల మేర పలుచగా ఒక కట్ తీయాలి. తర్వాత రెండు చివర్లా మైక్రోమీటర్‌తో కొలవాలి. తేడా మిల్లీమీటర్‌లో వందో వంతుల్లో ఉంటే ఫర్వాలేదు. పదో వంతు దాకా వస్తే ఆ మిషన్ మీద బేరింగ్ కూర్చునే షాఫ్ట్ చేయడం కష్టం. స్పిండిల్ ఊగుతోందా, లీడ్ స్క్రూలో ప్లే ఎంత ఉంది, చక్ జాస్ అరిగాయా అన్నది కూడా చూసుకోవాలి.

లేత్‌తో పాటు మొదట్లో కావాల్సినవి కొన్నే. వెల్డింగ్ సెట్, డ్రిల్లింగ్ మిషన్, బెంచ్ గ్రైండర్, వెర్నియర్, మైక్రోమీటర్. మిల్లింగ్, గేర్ కటింగ్ లాంటివి మొదటి ఏడాదిలోనే కొనాల్సిన పని లేదు. నెలకు రెండు మూడు సార్లు వచ్చే పనిని పక్క టౌన్‌లో చేయించి, దాని మీద కాస్త మార్జిన్ వేసుకుంటే చాలు. ఖాళీగా కూర్చునే మిషన్‌కు కూడా ఈఎంఐ కట్టాల్సిందే కదా.

కరెంట్ విషయం ముందే తేల్చుకోవాలి. త్రీ ఫేజ్ కనెక్షన్ తప్పనిసరిలాంటిదే. పరిశ్రమ కేటగిరీకి, వాణిజ్య కేటగిరీకి టారిఫ్ వేరుగా ఉంటుంది. తమ షాప్ ఏ కేటగిరీలోకి వస్తుంది, అందుకు ఏ కాగితాలు కావాలన్నది డిస్కమ్ ఆఫీసులో అడగాలి. షెడ్డు అద్దెకు తీసుకున్నాక ఈ పని మొదలుపెడితే నెలలు గడిచిపోతాయి.

డబ్బు ఎక్కడి నుంచి?

ఎక్కువ మంది ముందు చేసే పని బంగారం తాకట్టు పెట్టడం. త్వరగా అయిపోతుంది కాబట్టి. కానీ మిషన్ కొన్న డబ్బు వెనక్కి రావడానికి ఏళ్లు పడుతుంది, గోల్డ్ లోన్ మాత్రం ఏడాదికోసారి రెన్యువల్‌కు వస్తుంది. రెండింటికీ పొంతన కుదరదు. మిషన్‌కు టర్మ్ లోన్, రాడ్లు, టూల్స్ లాంటి మెటీరియల్‌కు వర్కింగ్ క్యాపిటల్.. ఇలా విడివిడిగా తీసుకోవడమే మంచిది.

కేంద్రం పథకాల్లో ముఖ్యమైనది పీఎంఈజీపీ. తయారీ యూనిట్‌కు రూ.50 లక్షలు, సర్వీస్ యూనిట్‌కు రూ.20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. జనరల్ కేటగిరీకి పట్టణాల్లో 15 శాతం, గ్రామాల్లో 25 శాతం సబ్సిడీ. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, దివ్యాంగులు, మాజీ సైనికులకు అది 25, 35 శాతం. సొంత వాటా జనరల్‌కు 10 శాతం, మిగతా వారికి 5 శాతం.

ఇక్కడ మూడు విషయాలు చాలామందికి తెలియవు. ఒకటి, ఇది కొత్త యూనిట్లకే. షాప్ తెరిచేసి తర్వాత అప్లై చేస్తామంటే కుదరదు. రెండు, కుటుంబంలో ఒక్కరికే వస్తుంది. భార్యాభర్తలిద్దరూ విడివిడిగా తీసుకోలేరు. మూడు, సబ్సిడీ నగదుగా చేతికి రాదు. 3 ఏళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, తనిఖీ తర్వాత లోన్‌లో సర్దుబాటు అవుతుంది. దరఖాస్తుకు ముందు ప్రస్తుత నిబంధనలేంటో జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఒకసారి అడిగి తెలుసుకోవాలి.

చిన్న మొత్తానికైతే ముద్ర లోన్ ఉంది. శిశు కింద రూ.50 వేల వరకు, కిశోర్ కింద రూ.5 లక్షల వరకు, తరుణ్ కింద రూ.10 లక్షల వరకు ఇస్తారు. తరుణ్ లోన్ సక్రమంగా తీర్చిన వారికి తరుణ్ ప్లస్ కింద రూ.20 లక్షల దాకా అవకాశం ఉంది. చిన్న, సూక్ష్మ యూనిట్లకు రూ.10 లక్షల వరకు ఇచ్చే లోన్లకు తాకట్టు అడగొద్దని బ్యాంకులకు ఆర్‌బీఐ ఎప్పుడో చెప్పింది. కాబట్టి ఇంటి కాగితాలు తీసుకెళ్లే ముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

సబ్సిడీ ఎక్కువ వస్తుందని భార్య పేరు మీద యూనిట్ పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. ఆమె నిజంగా షాప్ నడిపిస్తుంటే అంతకంటే మంచి పని లేదు. కానీ సంతకాలకే పరిమితమైతే ప్రమాదం. ఈఎంఐ ఆగితే నోటీసు ఆమెకే వస్తుంది, సిబిల్ స్కోర్ ఆమెదే పడిపోతుంది. పేరు ఎవరిదైతే లెక్కలు కూడా వారికి తెలియాలి.

అసలు కిటుకు.. గంట రేటు

ఒక బుష్‌కు ఎంత తీసుకోవాలి? చాలా షాపుల్లో సమాధానం ఒకటే. "పక్క షాప్‌లో ఎంత తీసుకుంటే అంత." పక్క షాప్ వాడు కూడా ఇదే మాట అంటాడు. ఇద్దరిలో ఎవరికీ తమ ఖర్చు ఎంతో తెలియదు.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. ఊరిని బట్టి అంకెలు మారతాయి, పద్ధతి మాత్రం ఇదే. నెలకు షెడ్డు అద్దె రూ.6 వేలు. కరెంట్ రూ.4 వేలు. ఈఎంఐ రూ.7 వేలు. హెల్పర్ జీతం రూ.12 వేలు. టూల్ బిట్స్, ఆయిల్ రూ.3 వేలు. రిపేర్లు రూ.2 వేలు. మొత్తం రూ.34 వేలు. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు అనుకుంటే 200 గంటలు. గంటకు పడే ఖర్చు రూ.170. గంటకు రూ.250 తీసుకుంటే రూ.80 మిగులుతున్నట్టే అనిపిస్తుంది.

ఇక్కడే రెండు పొరపాట్లు. మొదటిది, మిషన్ 8 గంటలూ మెటల్ కోయదు. కస్టమర్‌తో మాట్లాడటం, కొలతలు తీయడం, చక్ మార్చడం, టూల్ సాన పట్టడం, కరెంట్ పోవడం.. ఇవన్నీ పోగా బిల్లు వేయగలిగేది రోజుకు 6 గంటలు ఉంటే గొప్ప. అంటే నెలకు 150 గంటలు. రెండోది, మేస్త్రి జీతం ఈ లెక్కలో లేనే లేదు. ఆయన ఇదే పని బయట చేస్తే రూ.20 వేలు వస్తుందనుకుందాం. లెక్కలు చూసే భార్య పనికి రూ.6 వేలు. ఇవి కలిపితే మొత్తం ఖర్చు రూ.60 వేలు. దాన్ని 150తో భాగిస్తే గంటకు రూ.400.

ఇప్పుడు చూడండి. గంటకు రూ.250 చొప్పున 150 గంటలకు వచ్చేది రూ.37,500. బయటి ఖర్చులు రూ.34 వేలు పోతే మిగిలేది రూ.3,500. ఇద్దరు మనుషులు నెలంతా ఒళ్లు హూనం చేసుకుంటే మిగిలింది అంతే! ఇంకో చోట పని చేస్తే రూ.26 వేలు రావాల్సింది. ఆ తేడా షాప్ నష్టం. అది పుస్తకంలో కనిపించదు, ఇంటి ఖర్చుల్లో కనిపిస్తుంది.

మెటీరియల్ లెక్క కూడా వేరుగా వేయాలి. రౌండ్ రాడ్ బరువుకు పాత లేత్ మేస్త్రీలు వాడే సూత్రం ఒకటి ఉంది. మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వ్యాసంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 50 ఎంఎం రాడ్ అయితే 2500ను 162తో భాగించాలి. మీటరుకు దాదాపు 15.4 కిలోలు. కొన్న బరువుకు డబ్బు తీసుకోవాలి కానీ తయారైన ముక్క బరువుకు కాదు. చిప్స్‌గా రాలిపోయిన దానికి కూడా షాప్ డబ్బు కట్టింది కదా.

ఇంట్లో వాళ్లకు జీతమా?

అవును, ఇవ్వాలి. నెల మొదటి వారంలో, ఎంత తక్కువైనా సరే, ఒక నిర్ణీత మొత్తం. "మన షాపే కదా, మనకు జీతం ఏంటి" అన్న మాటతోనే గొడవ మొదలవుతుంది. ఇంటికి కావాల్సినప్పుడల్లా గల్లా పెట్టెలోంచి తీస్తారు. పిల్లల ఫీజు అందులోంచే, పెళ్లి చదివింపులు అందులోంచే. రాడ్ కొనాల్సిన రోజు చూస్తే డబ్బు ఉండదు.

షాప్‌కు ఒక బ్యాంక్ ఖాతా, ఇంటికి ఒక ఖాతా. షాప్ యూపీఐ స్కానర్ షాప్ ఖాతాకే లింక్ అవ్వాలి. ఈ ఒక్క మార్పుతో రెండు లాభాలు. నెల చివర్లో ఎంత వచ్చిందో, ఎంత పోయిందో ఫోన్‌లోనే కనిపిస్తుంది. రేపు బ్యాంకుకు లోన్ కోసం వెళ్తే చూపించడానికి స్టేట్‌మెంట్ ఉంటుంది.

అన్నదమ్ములు కలిసి నడిపే షాపుల్లో ఇంకో సమస్య వస్తుంది. ఒకరు మిషన్ మీద, మరొకరు బయట ఆర్డర్లు తెచ్చే పనిలో ఉంటారు. ఎవరిది ఎక్కువ కష్టం అన్న ప్రశ్న పెళ్లిళ్లయ్యాక వస్తుంది. మిషన్ ఎవరి డబ్బుతో కొన్నారు, లాభం ఎలా పంచుకోవాలి, ఒకరు తప్పుకుంటే ఎంత ఇవ్వాలి అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి. పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసుకోవడమంటే అపనమ్మకం ఉన్నట్టు కాదు. రేపు ఆ బంధం తెగకుండా ఉండటానికే.

'పంట అమ్మాక ఇస్తా'.. ఉద్దెర ఉచ్చు

ఊళ్లో షాప్‌కు ఉద్దెర తప్పదు. వానాకాలం ముందు ట్రాక్టర్ బాగు చేయించుకున్న రైతు డబ్బు ఇచ్చేది పంట అమ్మాకే. రైతుది తప్పు కాదు, ఆయన చేతికీ అప్పుడే వస్తుంది. కానీ స్టీల్ షాప్ మాత్రం నగదు అడుగుతుంది. అంటే ఆ నాలుగైదు నెలలు రైతుకు అప్పు ఇస్తున్నది మేస్త్రి. రూ.1.5 లక్షల ఉద్దెర బయట ఉండి, షాప్ నడపడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెస్తే నెలకు రూ.3 వేలు వడ్డీకే పోతుంది.

పూర్తిగా మానేయడం కుదరదు కానీ హద్దు పెట్టొచ్చు. మెటీరియల్ డబ్బు ముందే తీసుకుని, కూలి మాత్రమే ఉద్దెర పెట్టడం ఒక పద్ధతి. అప్పుడు రాని బాకీ వల్ల పోయేది కష్టమే కానీ పెట్టుబడి కాదు. ఒక్కో కస్టమర్‌కు ఇంతకు మించి ఉద్దెర లేదని ఒక లిమిట్ పెట్టుకోవాలి. పని అయిన రోజే వాట్సాప్‌లో ఫొటో, బిల్లు పంపితే రేపు "నేను అంత ఇవ్వాలా?" అన్న మాట రాదు. బాకీ అడగడం మేస్త్రికి మొహమాటమైతే, లెక్కలు చూసే వాళ్లే ఫోన్ చేయడం చాలా చోట్ల బాగా పనిచేస్తుంది.

మిల్లులు, కంపెనీలు బాకీ పెడితే మాత్రం చట్టం అండగా ఉంది. ఎంఎస్ఎంఈడీ చట్టం-2006 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలవారీ చక్రవడ్డీతో కట్టాలి. సూక్ష్మ, చిన్న యూనిట్లకు గడువులో డబ్బు ఇవ్వని సంస్థ, ఇచ్చే వరకు ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోలేదు. ఈ రూల్ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

ఇవి దక్కాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, దీనికి ఏజెంట్లకు వేలకు వేలు ఇవ్వక్కర్లేదు. పని అప్పగించే నాటికే రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉండటం సేఫ్. ఇక జీఎస్టీ సంగతి. జాబ్ వర్క్ సర్వీస్ కిందకు వస్తుంది. ఏడాదికి టర్నోవర్ రూ.20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. దాటకపోయినా పెద్ద మిల్లులు జీఎస్టీ బిల్లు అడుగుతాయి కాబట్టి ఆ ఆర్డర్లు కావాలనుకుంటే ముందే ఆలోచించుకోవాలి.

ఒక్క ప్రమాదం.. షాప్ మొత్తం క్లోజ్

కుటుంబం నడిపే షాప్‌లో మిషన్ మీద పని వచ్చింది సాధారణంగా ఒక్కరికే. ఆ ఒక్కరి చేతికి ఏమైనా అయితే ఆదాయం ఆ రోజుతో ఆగిపోతుంది. ఈఎంఐ మాత్రం ఆగదు.

లేత్, డ్రిల్లింగ్ మిషన్ దగ్గర చేతికి గ్లౌజులు వేసుకోకూడదు. రక్షణ అనుకుంటారు కానీ తిరిగే ముక్కకు గుడ్డ చిక్కుకుంటే చేతిని లోపలికి లాగేస్తుంది. లుంగీ, తువ్వాలు, చున్నీ, వేలాడే చీర కొంగు, పొడుగు చేతుల చొక్కా కూడా అంతే. చక్ కీని చక్‌లోనే వదిలేసి స్విచ్ వేస్తే అది తూటాలా వస్తుంది. బిగించిన చేత్తోనే కీ తీసేయడం అలవాటు కావాలి. హెడ్‌స్టాక్ వెనక నుంచి పొడుగ్గా బయటికొచ్చిన రాడ్ స్పీడ్ పెరిగితే వంగి కొరడాలా కొడుతుంది. కంటికి అద్దాలు తప్పనిసరి. చిప్స్ చేత్తో లాగకూడదు, హుక్‌తో తీయాలి. ఇంటి పక్కనే షాప్ ఉంటే పిల్లలు అటూ ఇటూ తిరుగుతుంటారు. మిషన్ తిరిగేటప్పుడు వాళ్లను లోపలికి రానివ్వకూడదు.

దీనికి తోడు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. ఏడాదికి రూ.20 ప్రీమియం. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా రూ.2 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి రూ.లక్ష వస్తుంది. 18 నుంచి 70 ఏళ్ల వారు బ్యాంకులో చేరొచ్చు. మేస్త్రితో పాటు హెల్పర్‌ను కూడా చేర్పించాలి.

సీఎన్‌సీ కొనాలా?

కొడుకు ఐటీఐ లేదా డిప్లొమా చేసి రాగానే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న ఇది. సీఎన్‌సీ మిషన్‌కు ప్రోగ్రామ్ రాసి, టూల్స్ సెట్ చేయడానికి 2 గంటలు పట్టిందనుకుందాం. ఒకే రకం ముక్కలు 500 చేయాలంటే ఆ సమయం ఒక్కో ముక్కకు 15 సెకన్లు కూడా పడదు. అదే రైతు తెచ్చిన ఒక్క బుష్ కోసమైతే 2 గంటలూ దాని మీదే పడతాయి. ఆ బుష్‌ను పాత లేత్ మీద మేస్త్రి ఈలోపే చేసి ఇచ్చేస్తాడు.

కాబట్టి ఒకే ముక్కను వందల్లో అడిగే కస్టమర్ చేతిలో ఉంటేనే సీఎన్‌సీ. మిషన్ కొన్నాక ఆర్డర్లు వెతుక్కోవడం ఎదురీతే. కొడుకు ముందు రెండేళ్లు బయట సీఎన్‌సీ షాప్‌లో జీతానికి పని చేస్తే పని వస్తుంది, కస్టమర్లు ఎవరో తెలుస్తుంది. శిక్షణకు బాలానగర్‌లో 1968లో ఏర్పాటైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. ఐటీఐల్లో టర్నర్, మెషినిస్ట్, ఫిట్టర్ రెండేళ్ల కోర్సులు ఉన్నాయి.

ఈలోపు పాత షాప్‌నే బలంగా చేసుకోవచ్చు. వచ్చిన ప్రతి పని కొలతలూ ఒక పుస్తకంలో రాసి, ఫొటో తీసి పెట్టుకోవాలి. ఏ మిల్లు షాఫ్ట్ ఎంత సైజు, ఏ మెటీరియల్, బేరింగ్ నంబర్ ఎంత, ఎప్పుడు చేశారు.. ఇవన్నీ. వచ్చే సీజన్‌కు ముందే ఆ మిల్లుకు ఫోన్ చేసి "షాఫ్ట్ మార్చే టైమ్ వచ్చింది, చేసి ఉంచమంటారా?" అని అడగొచ్చు. పని లేని నెలల్లో మిషన్ ఖాళీగా ఉండదు, సీజన్‌లో హడావుడి తగ్గుతుంది. మేస్త్రి బుర్రలో ఉన్న అనుభవం తర్వాతి తరానికి అందేది కూడా ఆ పుస్తకం ద్వారానే.

ఈ నెల నుంచే ఇలా చెక్ చేసుకోండి

షాప్ ఆరోగ్యం తెలియాలంటే నెల చివర్లో 5 ప్రశ్నలు చాలు. ఈ నెల బిల్లు వేసిన గంటలెన్ని? గంటకు నిజంగా ఎంత వచ్చింది? బయట ఉద్దెర గత నెల కంటే పెరిగిందా? ఇంట్లో పని చేసిన ప్రతి ఒక్కరికీ జీతం అందిందా? ఒక్క నెల పని ఆగినా ఈఎంఐ, అద్దె కట్టేంత డబ్బు షాప్ ఖాతాలో ఉందా?

నాలుగో ప్రశ్నకు వరుసగా మూడు నెలలు 'లేదు' అనే సమాధానం వస్తే రేట్లు పెంచాల్సిందే. ఇద్దరు ముగ్గురు కస్టమర్లు పక్క షాప్‌కు వెళ్లొచ్చు. పని బాగుండి, చెప్పిన టైమ్‌కు చేతికిస్తే ఎక్కువ మంది ఉంటారు. ట్రాక్టర్ ఆగిపోయిన రైతుకు రూ.50 తేడా కంటే సాయంత్రానికి బండి కదలడమే ముఖ్యం.